మూడుసార్లూ ఎత్తిన ఫోన్

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, అవతల మనిషి లేకపోయినా నా ఫోన్‌కి జవాబు రావడం.

ఇదివరకు ఈ భయం లేదు. అప్పట్లో ఉన్న భయమల్లా ఎత్తరేమోనని. తొమ్మిదో క్లాసులో ఉండగా ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి మా అమ్మ లేదు. పొద్దున్న పదకొండు గంటలకే జీడిపప్పు షెడ్డులో పీట మీద నుంచి పక్కకి ఒరిగిపోయిందట. సాయంత్రం నాలుగున్నర దాకా నాకెవరూ చెప్పలేదు. పరీక్ష రాస్తోంది, ఎందుకు పాడు చెయ్యడం అనుకున్నారట. ఆ అయిదున్నర గంటలూ నేను లెక్కలు చేసుకుంటూ, మధ్యాహ్నం పులిహోర తింటూ, నవ్వుతూ ఉన్నాను. తర్వాత నేను బడికి వెళ్ళలేదు. అమ్మ కూర్చున్న పీట మీదే కూర్చుని జీడి పిక్కలు కొట్టాను. పక్క పీట మా పిన్ని దమయంతిది. నన్ను పెంచింది, పెళ్ళి చేసింది ఆవిడే.

షెడ్డులో ఫోన్ మాట్లాడితే మేస్త్రీ ఊరుకోడు. అందుకని పిన్నీ నేనూ మిస్డ్ కాల్స్ పెట్టుకున్నాం. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే, తిన్నాను, బాగున్నాను అని. రెండు ఇస్తే, ఖాళీ అయ్యాక చెయ్యి అని. వెంట వెంటనే మూడు ఇస్తే, ఉన్నపళంగా రా అని. ఎత్తకూడదు. ఎత్తితే ఆ కబురు చెడిపోయినట్టే. నేను పెళ్ళయి గాజువాక వచ్చాక కూడా సాయంత్రం ఆరింటికి పలాసలో పిన్ని దగ్గర నుంచి ఒక్క రింగు వచ్చేది. నేను ఒక్క రింగు తిరిగి ఇచ్చేదాన్ని. కాల్స్‌కి ఎవరూ డబ్బులు చూసుకోని రోజులొచ్చినా మేము మానలేదు. పిన్ని నోరు విప్పి 'నాకు బాగోలేదు, రా' అనే రకం కాదు. ఆ మాట రింగుల్లోనే అనగలదు. మూడు రింగులు ఆవిడ నాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

పాప పుట్టాక నా భయం బాగా ముదిరింది. మా ఆయన గౌరునాయుడు పోర్టులో ఒక ప్రైవేటు యార్డులో క్రేన్ నడుపుతాడు. నేను రోజుకి పదిసార్లు చేసేదాన్ని. పాప మూడుసార్లు తుమ్మింది మావా. పాప ఇంతవరకూ ఉచ్చ పోయలేదు మావా. నువ్వు కిందకి దిగావా మావా. అతను ఎత్తకపోతే మళ్ళీ చేసేదాన్ని, మళ్ళీ ఎత్తకపోతే అతనితో పనిచేసే వాళ్ళకి చేసేదాన్ని. ఒక రోజు అతని క్రేన్‌కి ఇనప కట్ట వేలాడుతుండగా నా ఫోన్ నాలుగోసారి మోగింది. అతను ఒక్క క్షణం జేబు వైపు చూశాడు. కట్ట ఊగింది. కింద ఉన్న ఒకాయన పక్కకి గెంతాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఈపాటికి వేరే కథ చెప్పేదాన్ని.

ఇంటికొచ్చి అతను అరవలేదు. చొక్కా విప్పకుండా గుమ్మంలో కూర్చుని, "నీ ఫోను నన్ను జైలుకి పంపేస్తదే," అన్నాడు. అంతే.

*

నెల తిరక్కుండా కంపెనీ వాళ్ళు పెళ్ళాలందర్నీ క్యాంటీనుకి పిలిచారు. రుషికొండ మీద ఒక పరిశోధన సంస్థ ఉందట, అక్కడి నుంచి డాక్టర్ మృదుల అనే ఆవిడ వచ్చింది. నూలు చీర, పొట్టి జుట్టు, చేతికి వాచీ తప్ప ఏమీ లేదు. గోడ మీద ఒక చార్టు తగిలించింది. పైన పెద్ద అక్షరాలతో 'ఫోన్ మర్యాదలు'.

"ముందు మెసేజ్ పెట్టాలి. ఖాళీయేనా అని అడగాలి. అవునంటేనే కాల్ చెయ్యాలి. ఎత్తకపోతే పది నిమిషాల దాకా మళ్ళీ చెయ్యకూడదు. నిజంగా అర్జెంటయితే అర్జెంటని రాయాలి," అంది.

వెనక నుంచి సుబ్బలక్ష్మి అనే ఆవిడ లేచింది. "అర్జెంటంటే ఏటి మేడమ్?"

"మీరు చెప్పండి."

"గ్యాసు అయిపోవడం."

"అత్త రావడం," అంది ఇంకొకావిడ.

"అత్త వెళ్ళనంటే అది అర్జెంటు," అంది సుబ్బలక్ష్మి. క్యాంటీనంతా నవ్వింది. మృదుల గారు కూడా నవ్వి, చార్టు చుట్టేసి పక్కన పెట్టింది. ఇలా చెబితే పనవదని ఆవిడకీ తెలిసినట్టుంది.

తర్వాత బొట్టుబిళ్ళ మందాన, గోరంత వెడల్పున ఉన్న ఒక ముక్క చూపించింది. ఫోన్ వెనక అంటిస్తారట. దాని పేరు ఒద్దిక. మూడు వారాలు మనం ఎవరితో ఎలా మాట్లాడతామో వింటుంది. మన చెయ్యి పనిలో ఉందా, ఖాళీగా ఉందా, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకుంటుంది. ఫోన్ వస్తే మోగనివ్వాలా, మెసేజ్‌గా మార్చాలా, తనే జవాబు చెప్పాలా అని అదే తేల్చుకుంటుంది. మేడమ్ తన ఫోన్‌కి ఫోన్ చేసి చూపించింది. ముందు టుంగుమని ఒక చప్పుడు, తర్వాత అచ్చం ఆవిడ గొంతు: "క్యాంటీనులో ఉన్నానండీ, అరగంటలో చేస్తాను."

"ఆ టుంగు వింటే మాట్లాడేది ఒద్దిక అని మీకు తెలుస్తుంది. మోసం ఉండదు," అంది.

మగవాళ్ళ పేర్లు లోపల గదిలో రాసుకున్నారు. మావి బయట బల్ల మీద. రాసుకునే అమ్మాయి నన్ను అడిగింది, "పాపకి అన్నం పెడుతుంటే, స్నానం పోస్తుంటే మీకు ఎక్కువగా ఎవరు ఫోన్ చేస్తారు?"

నేను నవ్వాను. "ఇంకెవరు, మా పిన్ని," అన్నాను.

"వాళ్ళకి చదువొచ్చా? మెసేజ్ పంపితే చదువుతారా?"

"రాదమ్మా. ఆవిడ వేళ్ళు జీడి నూనెకి కాలిపోయాయి, బొత్తాల ఫోనే వాడుతుంది."

"అయితే మాటతోనే చెబుతుందిలెండి," అంది. వేలు పెట్టమంది, పెట్టాను. పనిలో ఉంది తర్వాత చేస్తుంది అని చెబుతుంది కాబోలు అనుకున్నాను. అంతకన్నా ఏమీ అడగలేదు. పాప ఏడుస్తోంది, ఆకలేస్తోంది, బస్సు వేళయింది. ఇవన్నీ నిజమే. కానీ అడగాలని కూడా నాకు అనిపించలేదు.

*

ఆ తర్వాత ఏడు నెలలు నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ లేవు. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

గౌరునాయుడు ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాడు. మొదటి పది రోజులూ టుంగు వినిపించేది, ఒద్దిక చెప్పే ముక్తసరి మాట వినిపించేది. తర్వాత టుంగు ఆగిపోయింది. మనిషి దొరికాడనుకున్నాను. పదకొండింటికి చేస్తే, "నీలూ, చెప్పు," అనేవాడు. పెళ్ళయిన కొత్తలో నీలూ అనేవాడు, పాప పుట్టాక అది 'ఏమే' అయింది. మళ్ళీ నీలూ వచ్చింది.

"పాపకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది మావా."

"ఎంత వెచ్చగా? మెడ కింద పట్టి చూశావా? కాళ్ళు చల్లగా ఉన్నాయా?"

"కాళ్ళు మామూలుగానే ఉన్నాయి."

"అయితే పళ్ళొస్తున్నాయేమో. నువ్వు తిన్నావా ముందు?"

నువ్వు తిన్నావా అని అతను అడగడం. నేను గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేదాన్ని. ఒక రోజు అమ్మ సంగతి చెప్పాను. ఆ పులిహోర సంగతి. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.  తర్వాత, "నువ్వు చిన్నపిల్లవి నీలూ. నవ్వడం నీ తప్పు కాదు," అన్నాడు. ఆ మాట అనేవాళ్ళ కోసం పదేళ్ళు చూశాను.

సాయంత్రం ఇంటికొచ్చేవాడు మాత్రం మామూలుగానే ఉండేవాడు. తినేవాడు, ఫోన్ చూసుకునేవాడు. కానీ పొద్దున్న ఫోన్లో అడిగినవి మర్చిపోయేవాడు కాదు. పసుపురంగు గాజులు కావాలన్నాను, తెచ్చాడు. దోమతెర చిరిగిందన్నాను, దారం తెచ్చాడు. ఎదురుగా ఉంటే నోరు పెగలని మనిషి, ఫోన్లో మనసు విప్పుతాడు, అలాంటి వాళ్ళుంటారు అనుకున్నాను. సుబ్బలక్ష్మికి చెబితే, "అదృష్టవంతురాలివే. మా ఆయన ఫోనెత్తితే ఊఁ, ఇంట్లోనూ ఊఁ," అంది.

ఒకసారి మరిచిపోయి అతనికి మిస్డ్ కాల్ ఇచ్చాను, పాత అలవాటు. సగం రింగుకే ఎత్తేశాడు. "ఇది ఎత్తేది కాదు మావా, మిస్డ్ కాలు," అన్నాను. "నీ గొంతు వినాలనిపించింది," అన్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

పిన్ని రింగులు రావడం మానేశాయి. అది నాకు ఎప్పుడు గుర్తొచ్చిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఆ ఏడు నెలల్లో నేను ఆవిడకి రెండుసార్లు చేశాను, రెండూ పండగలకి. రెండోసారి పిన్ని, "ఏటమ్మా, పొద్దున్నే కదా మాట్లాడావు, మళ్ళీనా," అంది మురిసిపోతూ. ఏదో పరధ్యానంలో ఉంది కాబోలు అనుకుని పెట్టేశాను. ఫోన్‌లో సాయంత్రాలు చిన్న చిన్న అక్షరాలతో ఒద్దిక నుంచి మెసేజ్‌లు వచ్చేవి. 'మీ పిన్నిగారు క్షేమం. విషయం ఏమీ లేదు.' మొదటి రెండూ కళ్ళు చిట్లించి చదివాను. తర్వాత లోన్ల మెసేజ్‌లతో పాటు చెరిపేసేదాన్ని.

*

ఆ శుక్రవారం గౌరునాయుడు క్యారేజీ మర్చిపోయాడు. వంకాయ కూర, అతనికి ప్రాణం. పాపని చంకనేసుకుని ఆటోలో యార్డు గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళనివ్వరు, కబురు పంపాలి. గేటుకి ఎదురుగా రోడ్డు అవతల బజ్జీల బండి ఉంది. చూస్తే అతను అక్కడే ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని, ముందు చెక్కబల్ల, బల్ల మీద ఫోన్, పక్కన మిరపకాయ బజ్జీ.

కొంటెతనం పుట్టింది. లారీలు పోతున్నాయి, అతను నన్ను చూడలేదు. చేశాను.

అతని ఫోన్ మోగలేదు. తెర మీద వెలుగు కూడా రాలేదు. అతను బజ్జీ తుంచి ఉల్లిపాయ ముక్క నంజుకున్నాడు.

నా చెవిలో అతని గొంతు, "నీలూ, చెప్పు. క్రేన్ మీదున్నా."

నేను రోడ్డుకి ఇవతల నిలబడి అతని నోటి వైపు చూశాను. నమలుతోంది.

"మావా," అన్నాను.

"గొంతు అలాగుందేటి? పాప బాగుందా?"

అతను పక్కవాడు ఏదో అంటే నవ్వాడు. నా చెవిలో నవ్వు లేదు. నా చెవిలో ఆత్రం ఉంది, నా కోసం ఆత్రం.

"క్యారేజీ మర్చిపోయావు," అన్నాను.

"అయ్యో, వంకాయ కూర కదా. నువ్వు తినేయ్ నీలూ. నేను క్యాంటీనులో చూసుకుంటా. నువ్వు తిన్నావా?"

అతను చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని టీ గ్లాసు అందుకున్నాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. రోడ్డు దాటి వెళ్ళి, అది చెవి దగ్గర ఉండగానే, క్యారేజీ బల్ల మీద పెట్టాను. అతను తలెత్తి నన్ను చూశాడు, నా చేతిలో ఫోన్ చూశాడు. అందులో అతని గొంతు ఇంకా అడుగుతోంది, "నీలూ? ఉన్నావా నీలూ?"

బండి దగ్గర అందరూ విన్నారు. "నీ గొంతులాగే ఉందిరా గౌరూ," అన్నాడు ఎవడో.

అతను లేచి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. నేను ఒక్కటే అడిగాను. "ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

"టుంగు?"

"నేనే తీయించాను. అది వినపడితే నువ్వు ఊరుకోవు కదా. నన్ను ఇవ్వమని మళ్ళీ మళ్ళీ చేస్తావు." అతను నా వైపు చూడటంలేదు. "ఆ కట్ట ఊగింది, నువ్వు చూడలేదు. నేను చూశాను. కింద మనిషి మొహం చూశాను."

"గాజులు?"

"దిగేటప్పుడు గేటు దగ్గర నిలబడి చదువుకుంటాను. నువ్వేమన్నావో, అదేమందో. అర పేజీ వస్తది." మళ్ళీ తనే, "నువ్వు బాగున్నావు కదే ఈ ఏడు నెలలూ. మొహం తేటపడింది. అది నాకన్నా బాగా మాట్లాడతది. నాకు రాదు అలాగ," అన్నాడు.

"మా అమ్మ సంగతి చదివావా?"

అతను వెనక్కి తిరిగి బండి వైపు చూశాడు.

"చదివావా మావా?"

"ఆ రోజు అర పేజీ కాదు, రెండు పేజీలు వచ్చాయి. పైపైన చూశాను," అన్నాడు.

*

సోమవారం రుషికొండ వెళ్ళాను. మెట్లెక్కి మూడో అంతస్తు. అద్దాల గదుల్లో కుర్రాళ్ళు, కుర్చీలకి తగిలించిన సంచులు, ఎక్కడా మిషన్లు ఉన్నట్టే లేదు. నేనేదో పెద్ద యంత్రం చూస్తాననుకున్నాను. ఒక గదిలో మాత్రం గోడ నిండా చిన్న చిన్న దీపాలు, వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఒక్కో దీపం ఒక్కో ఇల్లట. ఎక్కువ వెలిగితే ఎక్కువ మాట్లాడుతున్నట్టు.

మృదుల గారు ఆ గదిలోనే కుర్చీ చూపించింది. పాపకి బిస్కట్ ఇచ్చింది.

"మోసం ఉండదన్నారు," అన్నాను.

"టుంగు ఆపే వీలు వాడేవాళ్ళకి ఇచ్చామమ్మా. ఎంతమంది ఆపుతారో తెలుసుకోవడం కూడా పరీక్షలో భాగమే."

"ఎంతమంది ఆపారు?"

ఆవిడ పాపకి ఇంకో బిస్కట్ అందించింది. "టుంగు ఉంచుకున్నవాళ్ళు నలుగురు."

మేము నూటముప్పై ఇళ్ళు.

మా ఆయన పేరు రాసుకున్నప్పటి మాటలు వినాలన్నాను. నాకు హక్కుందో లేదో తెలియదు, కానీ ఆవిడ కాదనలేదు. మొదట అమ్మాయి గొంతు: పనిలో ఉంటే మీకు ఎక్కువగా ఎవరు ఫోన్ చేస్తారు? తర్వాత గౌరునాయుడు నవ్వు. "ఇంకెవరు, మా ఆవిడ."

అదే నవ్వు. అవే మాటలు.  పాపని గట్టిగా పట్టుకున్నాను.

"నా ఫోన్‌కి కూడా ఉంది కదా మేడమ్," అన్నాను.

"ఉంది."

"నాది టుంగు పెట్టే ఉందా?"

ఆవిడ తెర మీద చూసింది. "మీ ఇంటికి ఒకటే పద్ధతి. మీవారు తీయించినప్పుడు రెండిటికీ పోయింది."

పిన్నితో నా గొంతు మాట్లాడినవన్నీ తియ్యమన్నాను. నూట తొంభై పైన ఉన్నాయి. మొదటిది విన్నాను. పిన్ని ఒక రింగు ఇద్దామని చేసింది, సగం రింగుకే ఎత్తేశారు. "చెప్పు పిన్నీ." పిన్ని గతుక్కుమంది. "ఒలమ్మా, ఎత్తేశావేటి. కట్ చేసేద్దును." "నీ గొంతు వినాలనిపించింది," అంది నా గొంతు.

అదే మాట. నేను నేల మీద నడవని ఆ రోజు మాట.

ఆ తర్వాత పిన్ని రోజూ మాట్లాడింది. షెడ్డులో అందరికీ చెప్పుకుందట, మా నీలవేణి సగం రింగుకే ఎత్తుతుంది, మీ పిల్లలు ఎత్తుతారా అని. అది కూడా నా గొంతుకే చెప్పింది, నవ్వుతూ. నా గొంతు కూడా నవ్వింది.

"చివరివి పెట్టండి," అన్నాను.

చివరివి పదకొండు రోజుల కిందటివి. గురువారం పొద్దున్న ఏడున్నర దాటాక. మూడు. ఒకదాని వెనక ఒకటి, నిమిషంలోపు.

మొదటిది. "చెప్పు పిన్నీ." ఊపిరి చప్పుడు. "ఏం లేదమ్మా, ఊరికే." కట్.

రెండోది. "చెప్పు పిన్నీ, తిన్నావా?" "ఆఁ... ఎత్తకమ్మా. ఊరికే చేశాను." కట్.

మూడోది. "పిన్నీ, నీ గొంతు వినాలనిపించింది." చాలాసేపు ఏమీ లేదు. ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. "పాప తిన్నదా," అంది పిన్ని, మాట ముద్దగా. "తింది పిన్నీ, పప్పన్నం పెట్టాను," అంది నా గొంతు, హాయిగా. తర్వాత పిన్ని మాట్లాడలేదు. లైను దానంతటదే తెగింది.

కింద ఒద్దిక రాసిన రెండు ముక్కలు ఉన్నాయి. 'విషయం ఏమీ లేదు. అందించనవసరం లేదు.'

"మూడు మేడమ్," అన్నాను. "మూడు ఇచ్చింది."

"మూడుసార్లూ ఎత్తింది కదమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు," అంది మృదుల గారు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. ఎత్తకూడని ఫోన్ ఒకటి ఉంటుందని ఆవిడ చార్టులో లేదు. నేను చెప్పాను. ఒకటి, రెండు, మూడు. చెబుతుంటే ఆవిడ వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టింది. గోడ మీద దీపాల వైపు తిరిగి నిలబడిపోయింది.

"మీకు ఎవరైనా ఫోన్ చేస్తే మీరే ఎత్తుతారా?" అని అడిగాను.

"నాకెవరూ చెయ్యరు," అంది.

అక్కడి నుంచే పిన్నికి చేశాను. స్విచాఫ్.

*

పలాసలో దిగేసరికి నాలుగున్నర. పిన్ని ఉండేది షెడ్ల వెనక రేకుల లైనులో. పక్కింటి సుందరి గుమ్మంలో చేట పట్టుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"వొచ్చావేటి," అంది.

ఆ గురువారం పిన్ని షెడ్డుకి బయల్దేరి గుమ్మంలోనే కూలబడిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమ చేత్తో ఫోన్ నొక్కింది. ఆసుపత్రిలో పది రోజులుంచి నిన్ననే పంపారు. నోరు పక్కకి పోయింది.

"నాకు కబురు చెయ్యాల్సింది కదా అక్కా."

సుందరి చేట కింద పెట్టింది. "కబురేటమ్మా. నీతో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. బటన్ మీద బటన్ పడి స్పీకరు మోగింది. పిన్ని నేల మీద పడి ఉంది, నువ్వేమో పప్పన్నం పెట్టానంటున్నావు. నేను నీకు మళ్ళీ చేద్దామంటే పిన్ని చెయ్యనివ్వలేదు. ఫోన్ మంచం కిందకి తోసేసింది."

"అది నేను కాదు."

"నీ గొంతే."

"అది మెషిను అక్కా. ఫోన్ వెనక అంటించారు, నాలాగ మాట్లాడుతుంది."

"ఓహో," అంది సుందరి. చేట మళ్ళీ తీసుకుంది.

లోపల పిన్ని గోడకి చేరబడి కూర్చుని ఉంది. జుట్టు ఎవరో దువ్వారు, పాపిడి వంకరగా ఉంది. నల్లబడిన వేళ్ళు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి. పాపని చూసి కళ్ళలో ఏదో కదిలింది. నేను దగ్గరికెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అంతా చెప్పాను. ఒద్దిక, టుంగు, బజ్జీల బండి, రుషికొండ, గోడ మీద దీపాలు. చెబుతున్నకొద్దీ నాకే అబద్ధంలా వినిపించింది. గౌరునాయుడు కూడా ఇలాగే నా ఎదుట నిలబడ్డాడు, క్రేన్, కట్ట, కింద మనిషి మొహం.

పిన్ని అంతా వింది. పెదవి ఒక పక్కే కదిలింది.

"మూడు... సార్లు," అంది. "ఎత్తావు."

గోడ వైపు తిరిగిపోయింది. నేను వెళ్ళేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

*

ఫోన్ వెనక ముక్క గోరుతో పీకి మృదుల గారికి తిరిగిచ్చేశాను. గౌరునాయుడు కూడా పీకేశాడు. ఇప్పుడు క్రేన్ దిగాక నిజంగా అతనే ఫోన్ చేస్తాడు. "దిగానే," అంటాడు, అంతకుమించి ఏమీ తోచదు అతనికి. నేను నమ్మను. ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి, పెదవులు కదులుతుంటే చూస్తూ, ఇందాక ఫోన్లో ఏమన్నావు అని అడుగుతాను. అతను పాపం చెబుతాడు. నాతో ఒక్కోసారి బాగా మాట్లాడాలని చూస్తాడు కూడా. నువ్వు తిన్నావా అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరి దగ్గర నేర్చుకున్నావని. ఇంకా సిగ్గయిన సంగతి ఒకటుంది. పదకొండు అయితే నా చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. నా పులిహోర సంగతి విన్నది అదొక్కటే.

ప్రతి ఆదివారం పలాస వెళ్తున్నాను. పిన్ని డేక్కుంటూ వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటుంది. ఫోన్ వద్దంది, ఎవరిదీ. సుందరి పొద్దున్నా సాయంత్రం వచ్చి తలుపు ఒక్కసారి తడుతుంది. పిన్ని ఎడమ చేత్తో స్టీలు గ్లాసు నేలకేసి కొడుతుంది. ఒక్కసారి కొడితే బాగున్నట్టు. ఎవరు తట్టినా కొడుతుంది. పాలవాడు తట్టినా కొడుతుంది. నేను తడితే ఏ చప్పుడూ రాదు. నా తట్టడం ఆవిడకి తెలుసు. నేను గుమ్మం బయట కూర్చుంటాను, పాప రేకు మీద గీతలు గీస్తుంది, బండి వేళకి లేచి వచ్చేస్తాను.

మీలో ఎవరికైనా వారం మధ్యలో అటు వెళ్ళే పనుంటే ఒక సాయం చెయ్యండి. స్టేషన్ దిగి జీడిపప్పు షెడ్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. వాటి వెనక రేకుల లైను, నాలుగో గుమ్మం, నీలం రంగు తలుపు. ఎనిమిది నుంచి నాలుగు దాకా లైనంతా పనికి పోతుంది, ఆ వేళకి అక్కడ ఎవరూ ఉండరు. ఒక్కసారే తట్టండి. నేను పంపానని చెప్పకండి. గ్లాసు ఒక్కసారి మోగితే మీ పని మీద మీరు వెళ్ళిపోండి. మూడుసార్లు మోగితే నాకు ఫోన్ చెయ్యకండి. ఆ గడియ వదులు, భుజంతో తోస్తే వస్తుంది. మీరే లోపలికి వెళ్ళండి.